మెట్ట వేదాంతంలోని ‘మెట్ట’

“మెట్ట వేదాంతం అంటే పసలేని వేదాంతమని తెలుసు, కానీ ఇందులో మెట్ట ఎక్కడి నుంచి వచ్చింది?” అని నిన్న ఒక సభ్యురాలు అడిగారు. నేను మెట్టలో, అంటే గోదావరి జిల్లాల్లో వానను నమ్ముకున్న ఎగువ నేలల వైపు, పుట్టినవాణ్ణి. కాస్త వివరంగానే చెప్పాలని ఉంది.

మెట్ట, మిట్ట, మెట్టు ఒకే కుదురులోని మాటలు. మొదటి అర్థం ఎత్తు. మిట్టపల్లాలు అన్నప్పుడు ఇప్పటికీ అదే అర్థం. మరి ఎత్తు నేల ఎండు నేల ఎలా అయింది? నీరు పల్లమెరుగు కదా! ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి కాలువలు దిగువకు పారి డెల్టాను వరిమయం చేశాయి. తూర్పు కనుమల అంచున ఎగుడుదిగుడుగా సాగే జంగారెడ్డిగూడెం, చింతలపూడి, జగ్గంపేట, ఏలేశ్వరం వైపు నేలలకు ఆ నీరు ఎక్కలేదు. వాటికి వానే దిక్కయింది. అందుకే మా వైపు రైతు “అది మెట్ట” అంటే ఎత్తు గురించి కాదు, నీటి గురించి చెబుతున్నట్టు.

ఆ ఎర్ర నేలలో ఇసుక పాలు ఎక్కువ, నీరు నిలవదు. వరికి అది లోపమే. కర్ర పెండలానికి మాత్రం అదే కావాలి; నీరు నిలిస్తే దుంప కుళ్ళిపోతుంది. పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల మిల్లుల్లో సగ్గుబియ్యం అయ్యేది ఈ దుంపే. వర్జీనియా పొగాకు, జీడిమామిడి కూడా ఇక్కడ బాగా వస్తాయి. ఇప్పుడైతే బోర్ల కింద ఆయిల్‌పామ్, దాని నీడలో కోకో. ఏడాది పొడవునా తడి ఆరని ఆ తోటలను కూడా మెట్ట తోటలనే అంటాం! ఎత్తును చెప్పిన మాట ఎండును చెప్పింది, చివరికి ఒక ప్రాంతానికి పేరుగా నిలిచింది.

ఇక మెట్ట వేదాంతం. తడి తగలని నేలలాగే సారం లేని మాటలు అన్న పోలికతో పుట్టిందని నా అభిప్రాయం. నుడికారంగా బాగుంది, నేనూ వాడతాను. పోలిక మాత్రం అన్యాయం. మెట్టలో పస లేదన్నది వరి ఒక్కటే పంట అనుకునే పల్లపు చూపు.

తెలంగాణ మిత్రులకు ఒక ప్రశ్న. అక్కడ రెవెన్యూ లెక్కల్లో మెట్టను ఖుష్కి, మాగాణిని తరి అంటారు, ఎర్ర ఇసుక నేలను చెలక అంటారు. వీటిలో దేనితోనైనా ఇలాంటి ఎత్తిపొడుపు మాట పుట్టిందా?