రాత్రి గేలం వేటకి ఏ ఫ్రేమ్ బ్యాగ్ తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. శనివారం సాయంత్రం అయ్యిందంటే నేనూ మా బావమరిదీ గేలాలు సర్దుకుని అంతర్వేది వైపు, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుకి పండుగప్ప చేప కోసం వెళ్తాం, రాత్రంతా అక్కడే ఉండి తెల్లారాక వస్తాం. బండి సరుగుడు తోట దగ్గర ఆపేసి అక్కడి నుంచి మెత్తటి ఇసుకలో దాదాపు 2 కిలోమీటర్ల నడక.

వీపుకి తగిలించుకునే నా పాత బ్యాగ్‌కి ఫ్రేమ్ (బ్యాగ్‌ని గట్టిగా నిలబెట్టే చట్రం) లేదు. మంచినీళ్లు, టార్పాలిన్, దోమతెర, ఐసు పెట్టె కలిపి 15 కిలోలు దాటుతుంది, ఆ బరువంతా భుజాల మీదే. పోయిన వారం ఇంటికొచ్చి చొక్కా విప్పితే పట్టీల కింద చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

బయట అల్యూమినియం ఫ్రేమ్ ఉండేదైతే ఐసు పెట్టెని నేరుగా కట్టేసుకోవచ్చు, వీపుకి గాలి కూడా తగులుతుంది, మన ఉక్కపోతకి అది చిన్న విషయం కాదు. కానీ బరువు వీపుకి దూరంగా ఉంటుంది కాబట్టి ఇసుకలో కాలు దిగబడినప్పుడు తూలిపోతానేమో అని భయం. లోపల ఫ్రేమ్ ఉన్నది ఒంటికి అతుక్కుని నిలకడగా ఉంటుంది, కాకపోతే చెమట, పైగా పెట్టె అందులో పట్టదు.

రెండూ వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఉప్పుగాలికి ఫ్రేమ్ జాయింట్లు, పిన్నులు ఎన్నాళ్లు ఆగుతాయి? నడుం బెల్టు నిజంగా బరువు తీసుకుంటుందా? నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, వీపు కొలత ఎలా చూసుకోవాలో కూడా చెప్పండి ప్లీజ్.