ప్రోగ్రెసివ్ లెన్సుల ధరల్లో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న:
నాకు 47 ఏళ్లు. దూరానికి మైనస్ 1.50 ఉంది. ఇప్పుడు చత్వారం వచ్చి యాడ్ (దగ్గరి చూపుకి అదనంగా కలిపే పవర్) ప్లస్ 2.00 రాశారు. గీత కనబడని ప్రోగ్రెసివ్ వేయించుకుందామని వెళ్తే ఒకే పవర్‌కి మూడు రకాలు చూపించారు. చవకదానికీ ఖరీదైనదానికీ నాలుగు రెట్లు తేడా. చేత్తో పట్టుకుంటే మూడూ ఒకలాగే ఉన్నాయి. పగలంతా కంప్యూటర్ ముందే పని, చవకది తీసుకుంటే కళ్లు తిరుగుతాయేమోనని టెన్షన్. డబ్బు దేనికి పోతోందో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
కళ్లజోళ్ల ఫిట్టింగ్ నా వృత్తి. చేత్తో పట్టుకుంటే ఆ తేడా తెలియదండీ, పెట్టుకుని పక్కకి చూస్తేనే తెలుస్తుంది. పైన దూరపు పవర్, కింద దగ్గరి పవర్, మధ్యలో పవర్ మెల్లగా మారే సన్నటి దారి. దాన్ని కారిడార్ అంటాం. గీత లేకుండా పవర్ మారాలంటే ఆ దారికి రెండు పక్కలా మసక రాక తప్పదు. ఎంత ఖరీదు పెట్టినా పూర్తిగా పోదు. ఆ మసకని ఎటు నెట్టాలి, ఎంత పలచగా పరచాలి అన్నదే డిజైన్. మీరు కట్టేదాంట్లో పెద్ద వాటా దానికే. యాడ్ తక్కువగా ఉన్నవాళ్లు చవక రకంతో సర్దుకుపోతారు. 2.00 దగ్గరికి వచ్చాక తేడా బాగా తెలుస్తుంది.

పాత పద్ధతిలో ముందువైపు ఆకారం అచ్చులో వచ్చేస్తుంది, వెనకవైపు మాత్రం మీ పవర్‌కి అరగదీస్తారు. ఫ్రీఫామ్ అయితే కంప్యూటర్ లెక్క ప్రకారం మెషిన్ వజ్రపు మొనతో ఉపరితలాన్ని మీ పవర్‌కి తగ్గట్టు చెక్కుతుంది. ఇంకా పై రకాల్లో ఫ్రేమ్ వంపు, కంటికీ అద్దానికీ మధ్య దూరం కూడా లెక్కలోకి వస్తాయి. ఆ కొలతలు తీయకుండానే ఆ రకం అమ్ముతుంటే తీసుకోకండి, అదనంగా కట్టింది దండగే.

మైనస్ 1.50కి 1.67, 1.74 ఇండెక్సులు (ఈ అంకె పెరిగేకొద్దీ అద్దం పలచన) అక్కర్లేదు. అవి పెద్ద పవర్లకి అంచు లావు తగ్గించడానికి. మీకు 1.5 గానీ 1.6 గానీ చాలు. మెరుపు తగ్గించే కోటింగ్ తప్పకుండా వేయించుకోండి. నీలి కాంతిని అడ్డుకుంటుందని చెప్పే బ్లూ కట్ కోసం మాత్రం ఎక్కువ పెట్టకండి. దానివల్ల కంప్యూటర్ అలసట తగ్గకపోవచ్చనే వైద్య పరిశోధనలని కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్షలో తేల్చారు.

జవాబు 2:
నేను మంచి డిజైనే తీసుకున్నాను. అయినా చదవాలంటే గడ్డం పైకెత్తాల్సి వచ్చేది, సాయంత్రానికి మెడ పట్టేసేది. ఇంకోచోట చూపిస్తే ఫిట్టింగ్ హైట్ (కంటిపాప నుంచి అద్దం కింది అంచు వరకు ఎత్తు) రెండు మిల్లీమీటర్లు కిందికి పడిందన్నారు. సరైన కొలతతో మళ్లీ చేయించాక అదే డిజైన్ హాయిగా ఉంది. ఫ్రేమ్ ముఖం మీద సరిగ్గా కూర్చోబెట్టి, కంటిపాపల దగ్గర గుర్తు పెడతారో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. నేను ఎంచుకున్నది ఎత్తు తక్కువ ఫ్రేమ్. ఇబ్బందా?

జవాబు 1:
ఇబ్బందేనండీ. ఎత్తు తక్కువైతే కారిడార్ కూడా పొట్టిదే వేయాలి. అప్పుడు పవర్ గబగబా మారిపోయి, మీకు స్క్రీన్ కనబడే మధ్య భాగమే ఇరుకైపోతుంది. కంటిపాప నుంచి కింది అంచు వరకు 18 మిల్లీమీటర్లయినా ఉండే ఫ్రేమ్ చూడండి. రోజంతా డెస్క్ దగ్గరే ఉంటే ఆఫీస్ లెన్సులని వేరే ఉన్నాయి, మధ్య భాగం వెడల్పుగా ఉంటుంది. వాటితో బండి మాత్రం నడపకూడదు.

జోడు చేతికొచ్చాక అద్దం మీద నోటి ఆవిరి ఊది, వెలుతురుకి వాల్చి చూడండి. 34 మిల్లీమీటర్ల ఎడంలో రెండు చిన్న చెక్కుడు గుర్తులు కనబడతాయి. చెవివైపు గుర్తు కింద యాడ్ అంకె ఉంటుంది. మీకైతే 20 అనో 2.0 అనో ఉండాలి. ముక్కువైపు దాని కింద సాధారణంగా డిజైన్ గుర్తు ఉంటుంది. బిల్లులో రాసిన రకమే వచ్చిందా అని దాంతో సరిచూడమని అక్కడే అడగండి. అలవాటు పడలేకపోతే మార్చి ఇస్తారా, ఎన్నాళ్లలోపు అన్నది మాత్రం ఆర్డర్ ఇచ్చేముందే బిల్లు మీద రాయించుకోండి.