ఉగాది వేదిక బ్యానర్: వెడల్పు ఫాంట్ సంగతి ఈ వారం తేల్చాలి

అలంకరణ జట్టు: బ్యానర్ 20 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ఆడిటోరియంలో చివరి వరస 120 అడుగుల దూరం. ఇంగ్లీషుకి మైక్రోమా అనే వెడల్పు ఫాంట్ అనుకున్నాం. "ఉగాది సంబరాలు" అని ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మాటలూ అందులోనే పెట్టేద్దామా అక్కా?

డిజైన్: రెండూ వద్దు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అన్నది బోర్డులు రాసేవాళ్ల లెక్క, అంటే మనకి 12 అంగుళాలు కావాలి. మైక్రోమా పెద్దక్షరం ఎత్తుకన్నా సుమారు పావువంతు ఎక్కువ వెడల్పు తింటుంది. ఇంగ్లీషులో 14 అక్షరాలకి దగ్గర దగ్గర 17 అడుగులు. అంచులకి అడుగు చొప్పున వదిలితే మిగిలేది 18. పడుతుంది కానీ గాలాడదు, ఈ ఫాంట్ అందమంతా ఖాళీలోనే ఉంది. "ఉగాది" ఒక్కటే 24 అంగుళాల ఎత్తులో పెట్టు, 12 అడుగుల్లో వస్తుంది. రెండో మాట, తేదీ మామూలు వెడల్పు ఫాంట్‌లో.

మైక్రోమాకి మూలం 1952లో ఇటలీ ట్యూరిన్‌లోని నెబియోలో అనే అచ్చక్షరాల కంపెనీ తెచ్చిన మైక్రోగ్రామా ఫాంట్. అందులో చిన్నక్షరాలే లేవు. 1962లో దాని తర్వాతి రూపం యూరోస్టైల్‌తో వచ్చాయి. శీర్షిక కోసం పుట్టిన రూపం. స్పాన్సర్ల జాబితాకి దయచేసి వాడొద్దు.

అలంకరణ జట్టు: పక్కన తెలుగులో "ఉగాది శుభాకాంక్షలు" ఇరుగ్గా కనిపిస్తోందని, మండలి అనే తెలుగు ఫాంట్‌ని అడ్డంగా 130 శాతం సాగదీశాం.

డిజైన్: సాగదీయకు తమ్ముడూ. అడ్డంగా లాగితే నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి. గుండ్రటి అక్షరాలు కోడిగుడ్లవుతాయి. ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ల అనెక్ తెలుగు ఫాంట్ తీసుకో, ఉచితం. అందులో వెడల్పు 75 నుంచి 125 శాతం దాకా జరపొచ్చు, 125 పెట్టు. బొద్దుతనం (వెయిట్ అంకె) మాత్రం 600 దాటించకు. "శుభాకాంక్షలు"లో భా కింది గీత పూడిపోతే దూరం నుంచి "శుబాకాంక్షలు" అయిపోతుంది, ఆ రెంటికీ తేడా ఆ గీతే.

సైజు అంకె చూసి ఇంగ్లీషుతో సమానం చేయకు. గ, ద ఒంటి ఎత్తు కొలిచి కుదుర్చు. పైన గుడి, కింద క్ష ఒత్తు ఉన్నాయి కాబట్టి తెలుగు వరసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు.

ప్రింటింగ్: ఫైలు పీడీఎఫ్‌గా, అక్షరాలన్నీ ఔట్‌లైన్లు (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలు) చేసి ఇవ్వండి. ఇక్కడి ప్రింటర్ దగ్గర తెలుగు ఫాంట్ ఉండదు. అలాగే తెరిస్తే ఒత్తులు విడిపోయి పొల్లు బయటపడుతుంది. ఔట్‌లైన్లు చేశాక అక్షరదోషం దిద్దలేం, అందుకే మామూలు ఫైలు వేరే దాచండి. ఫొటోలు అసలు సైజులో 100 డీపీఐ (అంగుళానికి 100 చుక్కలు) చాలు. బ్యానర్‌ని కట్టే రింగులు అంచునే పడతాయి, చుట్టూ 4 అంగుళాల్లో అక్షరం రాకూడదు.

డిజైన్: పంపేముందు భా ఒక్కటి అసలు సైజులో కాగితాలు అతికించి గోడకి పెట్టి, 120 అడుగుల నుంచి చూడండి. పార్కింగ్ లాట్‌లో చేసినా సరే. కింది గీత కనబడకపోతే బొద్దుతనం 500కి దించుతాను.