అమెరికా కార్ల కంపెనీల అడ్డా డెట్రాయిట్ మీద జపాన్ కార్లు గెలిచింది పనితనంతోనా, పెట్రోలు రేటు పుణ్యమా?

గేర్‌బాక్స్: పెట్రోలు రేటే. 1973లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి, 1979లో ఇరాన్ గొడవతో మళ్లీ బంకుల ముందు క్యూలు. జనానికి చిన్న కారు కావాల్సి వచ్చింది, జపాన్ దగ్గర రెడీగా ఉంది. ఇందులో గొప్పతనం ఏముంది?

అసెంబ్లీ_లైన్: చిన్న కారు అమెరికా కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) దగ్గరా ఉందండీ, షెవర్లే వేగా. ఇట్టే తుప్పు పట్టేది. జపాన్ వాళ్ల హోండా సివిక్ ఏమో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే పరికరం) లేకుండానే అమెరికా 1975 పొగ నిబంధనల్ని అందుకుంది. ఆ పనితనాన్ని అలా తీసిపారేస్తారా?

పాతబండి: వేగాకు అసలు రోగం తుప్పు కాదు, అల్యూమినియం ఇంజిన్ వేడెక్కిపోవడం.

గేర్‌బాక్స్: వేగాను వదలండి. 1971 దాకా డాలరుకు 360 యెన్లు, అంటే జపాన్ డబ్బు చవక, పైగా అక్కడ జీతాలు తక్కువ. ఆ లెక్కన ఎవరైనా చవగ్గా అమ్ముతారు.

అసెంబ్లీ_లైన్: సరే, మరి ఫ్రీమాంట్ సంగతేంటి? కాలిఫోర్నియాలో జీఎం 1982లో మూసేసిన ప్లాంటు, 1984లో టయోటాతో కలిసి న్యూమీ పేరుతో తెరిచారు. డాలర్ జీతాలే, అదే యూనియన్, చాలామంది పాత వర్కర్లే. అయినా క్వాలిటీ జపాన్ ప్లాంట్లకు దీటుగా వచ్చింది. అక్కడ కార్లు బిగించే లైను పక్కన తాడు ఉండేది, తేడా కనిపిస్తే ఎవరైనా లాగొచ్చు, టీమ్ లీడర్ వచ్చి చూసేవాడు, అప్పటికీ తేలకపోతే లైను ఆగేది.

సీమబిడ్డ: పెనుకొండ కియాలో 2019 నుంచి కార్లు చేస్తున్నదీ మన చేతులే.

గేర్‌బాక్స్: తాడు కడితే కార్లు బాగుపడతాయా? ఆ తాళ్లు ఇప్పుడు చాలా ప్లాంట్లలో ఉన్నాయి.

అసెంబ్లీ_లైన్: ఉంటే సరిపోదు! నేను పనిచేసిన చోటా ఉంది. బ్రేక్ పైపు క్లిప్పు సరిగా కూర్చోలేదని లాగాను. ఇన్‌చార్జ్ వచ్చి క్లిప్పు వైపు కూడా చూడలేదు, ఎన్ని నిమిషాలు పోయాయో రాసుకుని వెళ్లాడు. ఆ నెల ఇన్సెంటివ్ కట్.

గేర్‌బాక్స్: అయితే మీ కోపం మీ ఇన్‌చార్జ్ మీద. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో కారు పార్టులు చేసే కంపెనీలో నా ఉద్యోగం 2008లో పోయింది. మీకు పని రాదు, అందుకే జపాన్ గెలిచింది అని మన తెలుగువాళ్లే మొహం మీద అన్నారు. రాత్రింబవళ్లు చేశాం మేము. పనితనం అని మీరన్న ప్రతిసారీ నాకు ఆ మాటే వినిపిస్తోంది.

అసెంబ్లీ_లైన్: పనివాళ్లను నేనెక్కడ అన్నాను అన్నా? ఫ్రీమాంట్‌లో మనుషులు చాలావరకు వాళ్లే, మారింది పైవాళ్లు. నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదే.

గేర్‌బాక్స్: మరి ఆ పైవాళ్లు కళ్ల ముందున్న ఫ్రీమాంట్‌ను చూసి మిగతా ప్లాంట్లను ఎందుకు మార్చలేదు? పాతికేళ్ల టైముంది. 2009లో జీఎం దివాలా తీసింది, వీధిన పడింది మేము. దానికి జవాబు చెప్పు.