కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వైఫై ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది

లెక్కల టీచర్, తెనాలి:
ఇంట్లోనే పదో తరగతి పిల్లలు 14 మందికి ట్యూషన్ చెప్తాను. విండోస్ 11 ల్యాప్‌టాప్, వెనక గదిలో వైఫై లేజర్ ప్రింటర్, హాల్లో రౌటర్. కరెంటు పోయి వచ్చిందంటే ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ ఆఫ్‌లైన్ అని వస్తోంది. ప్రింటర్ మీద నీలం లైటు మాత్రం కదలకుండా వెలుగుతూనే ఉంటుంది. తీసేసి మళ్ళీ యాడ్ చేస్తే పనిచేస్తుంది, రెండు రోజులకి మళ్ళీ అదే వరస. ఇప్పుడు లిస్టులో ఒకే ప్రింటర్ నాలుగుసార్లు కనిపిస్తోంది.

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకి పిల్లలు పరీక్షకి వచ్చి చాపల మీద కూర్చున్నారు. పేపరు రాదు. త్రిభుజాల బొమ్మలన్నీ బోర్డు మీద వేసేసరికి ముప్పావుగంట పోయింది. రిపేరు చేసేవాళ్ళకి ఫోన్ చేస్తే లోపల బోర్డు మార్చాలన్నారు. మార్చాల్సిందేనా?

డిగ్రీ విద్యార్థి, ఏలూరు:
ప్రింటర్ క్యూ తెరిచి, 'యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్' దగ్గర టిక్ ఉంటే తీసేయండి మేడం. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (ప్రింట్ పనుల్ని వరసలో పెట్టి పంపేది) రీస్టార్ట్ చేయండి.

లెక్కల టీచర్, తెనాలి:
టిక్ లేదు బాబూ. స్పూలర్ కూడా చేశాను, మార్పు లేదు.

కంప్యూటర్ షాపు, నల్గొండ:
మేడం, బోర్డు జోలికి అసలు వెళ్ళకండి. నీలం లైటు నిలకడగా ఉందంటే ప్రింటర్ వైఫైలోనే ఉంది. మీ ల్యాప్‌టాప్ పాత చిరునామాకి వెళ్ళి తలుపు కొడుతోంది, అంతే. ఇంట్లో ప్రతి పరికరానికీ రౌటరే ఒక ఐపీ నంబరు ఇస్తుంది. ఎవరికి ఏది ఇచ్చిందో ఆ లెక్క చాలా రౌటర్లకి ఆపగానే పోతుంది. కరెంటు వచ్చాక ముందు ఎవరు అడిగితే వాళ్ళకి ఆ నంబరు.

నా మాట నమ్మేముందు మీరే చూసుకోండి. ప్రింటర్‌లోంచి నెట్‌వర్క్ రిపోర్ట్ కాగితం తీయండి, దాని మీద ఐపీ ఉంటుంది. తర్వాత ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్ ట్యాబ్. రెండు నంబర్లూ వేరైతే జబ్బు దొరికినట్టే.

లెక్కల టీచర్, తెనాలి:
వేరే ఉన్నాయండీ! కాగితం మీద 192.168.1.7. ల్యాప్‌టాప్‌లో 192.168.1.4. రౌటర్ పేజీ తెరిచి చూస్తే ఆ 4 మా వారి ఫోనుది. అంటే ఇన్నాళ్ళూ నా ప్రశ్నపత్రాలు ఆయన ఫోనుకి వెళ్తున్నాయా?

కంప్యూటర్ షాపు, నల్గొండ:
అవునండీ, ఫోను తీసుకోదు కాబట్టి ఆఫ్‌లైన్ అని వస్తోంది. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ (ఐపీ నంబర్లు పంచే సెట్టింగు) కింద అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, కొన్నిట్లో స్టాటిక్ లీజ్ అంటారు. కాగితం మీదున్న మ్యాక్ అడ్రస్ (ప్రింటర్‌కి తయారీలోనే ఇచ్చిన సొంత నంబరు) కొట్టి, దానికి 7 ఖాయం చేయండి. ల్యాప్‌టాప్‌లో ఆ నాలుగు ప్రింటర్లూ తీసేసి, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టుతో (నేరుగా ఐపీ నంబరుకే పంపేది) ఒక్కటే పెట్టుకోండి. విండోస్ తనే ప్రింటర్‌ని వెతికి పెట్టుకునే డబ్ల్యూఎస్‌డీ పోర్టు వద్దు, నా దగ్గరికొచ్చే ఆఫ్‌లైన్ గొడవల్లో చాలామటుకు దానితోనే.

చివరగా ఆ పోర్ట్ కాన్ఫిగర్‌లో 'ఎస్ఎన్ఎంపీ స్టేటస్' టిక్ తీసేయండి. దాని ద్వారానే ల్యాప్‌టాప్ ప్రింటర్ స్థితి అడుగుతుంది, జవాబు రాకపోతే బాగున్న ప్రింటర్‌ని కూడా ఆఫ్‌లైన్ కింద రాసేస్తుంది.

అపార్ట్‌మెంట్ వాసి, కూకట్‌పల్లి:
ఇది చదివేవాళ్ళకి ఇంకో మాట. నా కాగితం మీద నంబరు 169.254 తో మొదలైంది. అంటే రౌటర్ నుంచి దానికి చిరునామానే అందలేదు, రిజర్వేషన్ చేసినా లాభం లేదు. నా ప్రింటర్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే వచ్చు, కొత్త రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలు రెండిటికీ ఒకే పేరు పెట్టింది. పేర్లు విడదీసి, ప్రింటర్‌ని 2.4 లో మళ్ళీ కలిపాక కుదిరింది.

లెక్కల టీచర్, తెనాలి:
వారం అయింది. ఈలోగా కరెంటు ఐదుసార్లు పోయింది, నంబరు 7 కదల్లేదు. ఈ ఆదివారం 14 పేపర్లూ పిల్లలు రాకముందే టేబుల్ మీదున్నాయి. నల్గొండ అన్నగారికి నా నమస్కారాలు. ఒక్క సందేహం, పొద్దున మొదటి కాగితం రావడానికి అర నిమిషం పడుతోంది.

కంప్యూటర్ షాపు, నల్గొండ:
రాత్రంతా నిద్రలో ఉంటుంది కదమ్మా, లేచి వేడెక్కాలి. దాన్ని అలాగే ఉండనివ్వండి.