నర్సులే చాలనిచోట హ్యూమన్ ఫ్యాక్టర్స్ నిపుణుడెందుకు?

గాజువాక సేఫ్టీ (రిటైర్డ్):
విశాఖలో పెద్దాసుపత్రి ప్రతిదీ ఒక హ్యూమన్ ఫ్యాక్టర్స్ నిపుణుణ్ణి జీతమిచ్చి పెట్టుకోవాలంటాను. మనిషన్నాక పొరబడతాడని ముందే ఒప్పుకుని, పరికరాన్నీ గదినీ పనినీ అందుకు తగ్గట్టు అమర్చే విద్య అది. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 పైలట్లు నేలకి దిగాక ఫ్లాప్స్ (రెక్కల వెనక వాల్చే రేకులు) మీట బదులు చక్రాల మీట లాగేసి, విమానాన్ని పొట్టమీద కూర్చోబెట్టేవారు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయని చపానిస్ అనే సైకాలజిస్టు పట్టుకున్నాడు. పిడుల ఆకారం మార్చాక ఆ గొడవ వదిలింది. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే మేం యంత్రాన్ని కూడా చూస్తాం. ఆసుపత్రిలో సిస్టర్‌కి మెమో ఇచ్చి ఫైలు మూసేస్తారు. ఏమంటారు?

ఆరిలోవ సిస్టర్:
మెమో సంగతి బాగా చెప్పారు సార్. కానీ ఆ జీతంతో ముందు ఇద్దరు నర్సుల్ని వేయమనండి. నేను చేసినచోట నైట్ డ్యూటీలో వార్డంతా ఒక్కదాన్నే. ఇటు మానిటర్ కూస్తుంటే అటు సెలైన్ అయిపోతుంది. ఆ కూతల్లో సగం రోగి ఒంటికి అంటించిన లీడ్ (తీగ) ఊడినందుకే, కొన్నాళ్లకి చెవులు పట్టించుకోవడం మానేస్తాయి. ట్రేలో పొటాషియం క్లోరైడ్, స్టెరైల్ వాటర్ ఆంప్యూల్స్ పక్కపక్కన ఉంటే ఆ మసక ట్యూబ్‌లైట్ కింద పేరే తేడా. పొటాషియం పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. మేమే వేరే డబ్బాలో పెట్టి ఎర్ర టేపు చుట్టుకున్నాం. దానికి ఏ నిపుణుడూ రాలేదు.

మత్తు డాక్టరు, మహారాణిపేట:
మీరు చేసింది హ్యూమన్ ఫ్యాక్టర్సే సిస్టర్. చిక్కల్లా, మీరు మానేస్తే ఆ టేపూ పోతుంది. మా మత్తు యంత్రానికి చిన్న సిలిండర్లు తగిలించేచోట చూడండి. ఆక్సిజన్‌కి 2, 5 స్థానాల్లో పిన్నులు, నైట్రస్ ఆక్సైడ్‌కి 3, 5. తప్పు సిలిండర్ తెచ్చి ఎంత నొక్కినా కూర్చోదు. టెక్నీషియన్ నిద్రమత్తులో ఉన్నా, కొత్తవాడైనా అంతే. (పిన్నులు అడ్డురాకుండా వాషర్ మీద వాషర్ వేసి బిగించే ఘనులూ ఉన్నారనుకోండి.) సిరంజికి ఆ జాగ్రత్త చాలాకాలం లేదు. నరానికివ్వాల్సిన విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వెన్నులోకెక్కి ప్రాణాలు పోయాయి, రెండుచోట్లా అదే సిరంజి పడుతుంది కాబట్టి. వెన్నుసూదికి వేరే కనెక్టర్ ఉండాలనే ఐఎస్‌ఓ 80369-6 ప్రమాణం 2016లో గానీ రాలేదు.

ఎంవీపీ లెక్కల మాస్టారు:
నిపుణులు వచ్చి చివరికిచ్చేది చెక్‌లిస్టే కదండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ చెక్‌లిస్టుని 8 నగరాల్లో (ఢిల్లీ ఒకటి) వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో రాశారు. కెనడాలోని ఒంటారియోలో తప్పనిసరి చేశాక 101 ఆసుపత్రుల లెక్క తీస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో తేలింది. టిక్కులకి జీతమా?

మత్తు డాక్టరు, మహారాణిపేట:
మాస్టారూ, ఒంటారియో నా వాదనకే పనికొస్తుంది. పైనుంచి ఆజ్ఞతో వచ్చిన కాగితం ఎలా నిండుతుందో మనకి తెలీదా? కోత పెట్టకముందే, చివర్లో గాజుగుడ్డలు లెక్కపెట్టామనే గడికి టిక్కు పడిపోయిన షీట్లు చూశాను. కాగితాన్ని పనికి తగ్గట్టు అమర్చే మనిషి లేకపోతే అంతే.

పెదగంట్యాడ పరికరాలు:
నేను తయారీవైపు. ఈ నిపుణులు ఉండాల్సింది ఆసుపత్రిలో కాదు, మా దగ్గర. వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ మన ఊళ్లోనే ఉంది. వైద్య పరికరాల వాడకంపై ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62366 ప్రకారం పరికరాన్ని అది వాడేవాళ్లచేతే వాడించి చూడాలి.

ఆరిలోవ సిస్టర్:
మీరు చేసే, నరంలోకి మందు ఎక్కించే పంపు మంచిదే బాబూ, దాని పక్కనే ఇంకో కంపెనీ పంపు ఉంటుంది. ఒకదానికి స్టార్ట్ ఉన్నచోటే రెండోదానికి స్టాప్. ఆ రెండూ ఒకే మంచం దగ్గర కలుస్తాయని మీ గదిలో కూర్చుంటే ఏం తెలుస్తుంది? కొనేటప్పుడు నన్నెవరూ అడగలేదు, తక్కువ రేటు వేసినవాళ్ల సరుకు వచ్చింది. సరే సార్, నిపుణుణ్ణి పెట్టండి. కొనుగోలు కమిటీలో కూర్చోబెట్టి, ఆయన సంతకం లేనిదే బిల్లు కదలకుండా చూడండి. వార్డుకి రాత్రి రెండింటికి రమ్మనండి, పొద్దున రౌండ్స్ టైముకి ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇద్దరు నర్సుల మాట మాత్రం వదలను.