ఫైబ్రోమయాల్జియాకు మందు కంటే ముందు మళ్ళీ ఎమ్మారై ఎందుకు?

బెజవాడ_రాణి: నాకున్నది ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా నొప్పులు, అలసట ఉండే జబ్బు అని రుమటాలజిస్టు (కీళ్ళు, కండరాల జబ్బుల డాక్టరు) తేల్చి చాలా కాలమైంది. అయినా డాక్టరు మారినప్పుడల్లా పాత ఫైలు పక్కన పెట్టి రక్తపరీక్షలు, ఎమ్మారై మొదటి నుంచి రాస్తున్నారు. ఈ జబ్బు ఏ స్కానింగులోనూ కనబడదని వారికీ తెలుసు. "రేపు ఇంకేదైనా బయటపడితే నన్నే అడుగుతారు కదమ్మా" అని ఒకాయన మొహం మీదే అన్నారు. పాత రిపోర్టులు ఒప్పుకొని మందు రాసేలా వారితో ఎలా మాట్లాడాలి? ఈ ఖర్చు ఇన్సూరెన్సులో వస్తుందా?

ఏలూరు_శారద: ఏమీ కనబడకపోవడం మీ అదృష్టం. నా నడుము ఎమ్మారైలో డిస్కు కాస్త ఉబ్బినట్టు వచ్చింది, ఇక భుజాల నొప్పి, నిద్రలేమి, అలసట అన్నీ వెనక్కి పోయి అందరూ ఆ డిస్కు గురించే మాట్లాడారు. నొప్పే లేనివారిలోనూ 20 ఏళ్ళ వయసుకు నూటికి 30 మందికి, 80 ఏళ్ళకు 84 మందికి ఆ ఉబ్బు కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష చెబుతోంది. ఆ మాటంటే సర్జను గారు ఆపరేషను వద్దన్నానని నా చేత సంతకం పెట్టించుకున్నారు.

తెనాలి_ఫార్మసీ: మా నాన్నగారి కాలం నుంచి మందుల దుకాణం నడుపుతున్నవాడిగా చెబుతున్నాను, అసలు చిక్కు స్కానింగు కాదు, ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు. 2014 నుంచి అది షెడ్యూల్ హెచ్1 మందు, కొన్నవారి పేరూ రాసిన డాక్టరు పేరూ రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. 2018 ఏప్రిల్‌లో మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా తెచ్చారు. డాక్టర్లు రాయడానికి జంకుతుంటే మీరు మా కౌంటరు దగ్గర కేకలు వేసి ప్రయోజనమేమిటి?

ఏలూరు_శారద: ఇక్కడ ట్రమడాల్ ఎవరు అడిగారండీ? నేను వాడేది డులాక్సెటిన్, డిప్రెషనుకూ ఈ నొప్పులకూ ఇచ్చే మందు. ఈ రెండూ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అంత అనుభవం ఉన్నవారు ఆ ముక్క ముందు చెప్పవలసింది.

తెనాలి_ఫార్మసీ: అది మీరు నాకు నేర్పనక్కరలేదు. రెండూ ఒకే చీటీ మీద వస్తే డాక్టరుకు ఫోను చేసి అడిగేది మేమే.

హన్మకొండ_వకీలు: డాక్టర్ల భయానికి చట్టంలో ఉన్న ఆధారం వారనుకునేంత లేదు. డబ్బు తీసుకొని చేసే వైద్యాన్ని 1995లో వి.పి. శాంతా కేసులో సుప్రీంకోర్టు వినియోగదారుల చట్టం కిందికి తెచ్చిన మాట నిజమే. కానీ 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసు నిలుస్తుంది, దానికీ ముందుగా మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవాలి.

డ్యూటీ_డాక్టరు: ఆ తీర్పు వచ్చేదాకా మీకు ఫీజులు వస్తాయి, మాకు పేరు పోతుంది. నొప్పి అంటూ వచ్చేవారిలో ఏ ఒక్కరికో వెన్నులో గడ్డ ఉండి నేను చూడకపోతే, ఫైబ్రోమయాల్జియా అనుకున్నానంటే వినేదెవరు? నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే కొత్త చట్టంలో ఐదేళ్ళ జైలు కూడా పెట్టారు.

హన్మకొండ_వకీలు: ఐదేళ్ళు ఇతరులకు, డాక్టరు గారూ. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో రిజిస్టరయిన వైద్యులకు గరిష్ఠ శిక్ష రెండేళ్ళే. చదవకుండా భయపడి, ఆ భయానికి రోగి చేత డబ్బు కట్టించడం ఏం న్యాయం?

డ్యూటీ_డాక్టరు: రెండేళ్ళయితే వెళ్ళి రావచ్చునంటారా?

డల్లాస్_మూర్తి: ఇక్కడ అమెరికాలో భయం మరో రకం, మార్ఫిన్ జాతి నొప్పి మందుల గురించి. రోజుకు 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన మోతాదు దాటవద్దని 2016లో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇచ్చిన సలహాను చాలామంది డాక్టర్లు శాసనంగా తీసుకున్నారు. వెన్ను ఆపరేషను తరువాత నొప్పి మిగిలిన మా ఆవిడకు ఉన్నపళంగా మందు తగ్గించారు. 2022లో సీడీసీయే ఆ సలహాను సడలించింది, మా డాక్టరు మాత్రం సడలలేదు.

బెజవాడ_రాణి: ఇన్సూరెన్సు సంగతి ఎవరూ చెప్పలేదు.

గుంటూరు_సుబ్బారావు: బయట చేయించుకునే స్కానింగుకు ఓపీ కవరు (ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చు) ఉన్న పాలసీ అయితేనే వస్తుంది. "ఒక రోజు అడ్మిట్ అవండి, క్లెయిము చేసుకోవచ్చు" అంటే నమ్మకండి. కేవలం పరీక్షల కోసం చేరితే చెల్లించబోమని పాలసీలలో మినహాయింపుల జాబితాలో, ఎక్స్‌క్లూజన్ 04 కింద ఉంటుంది, మా తమ్ముడి క్లెయిమును ఆ వాక్యం చూపించే తిప్పి పంపారు. దానికి బదులు మీ రుమటాలజిస్టు చేత జబ్బు పేరు, ఏ పరీక్షతో ఏది కాదని తేల్చారో, ఏ లక్షణం కొత్తగా వస్తే మళ్ళీ స్కానింగు కావాలో లెటరుహెడ్డు మీద రాయించుకోండి.

డ్యూటీ_డాక్టరు: అలాంటి ఉత్తరం ఉంటే నేనైతే స్కానింగు రాయను. కాళ్ళలో పట్టు తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం ఆ రోజే రాస్తాను, అప్పుడు నాతో వాదించకండి.